ఎనభై నాలుగో పేజీ

జూన్ 6

రెండు రోజుల కిందట మ్యూజియం గేటు పక్కన నోటీసు అంటించారు. ఇంగ్లిషు రాని గైడ్లు ఇంగ్లిషు నేర్చుకోవాలని ఇంగ్లిషులోనే రాశారు. బీగాల మామ దాని ముందు నిలబడి, నడుముకున్న తాళాల గుత్తి సర్దుకుంటూ, “సెలవేదో ఇచ్చినట్టున్నారమ్మా” అన్నాడు. నేనూ అలాగే ఉందన్నాను. అసలు సంగతి మధ్యాహ్నానికి తెలిసింది.

మ్యూజియం కొత్త యాజమాన్యం చేతికి పోయింది. జూలై ఆఖర్లో గైడ్లకు పరీక్ష. ఒక్కో గదీ చూపిస్తూ చరిత్ర ఇంగ్లిషులో చెప్పాలి. చెప్పలేనివాళ్లకు “మరో పని” ఇస్తారట. ఆ మరో పనేమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. గైడునయ్యే ముందు పదకొండేళ్లు ఈ గదులన్నీ ఊడ్చినదాన్నే.

కోడలు బడిలో ఇంగ్లిషు చెబుతుంది. “సాయంత్రం ఒక గంట కూర్చుందాం అత్తయ్యా” అంది. పెళ్లయి నాలుగేళ్లయినా కూరలో ఉప్పు సంగతి తప్ప మేమిద్దరం పెద్దగా మాట్లాడుకున్నది లేదు. ఈ నోటుబుక్కు తనే ఇచ్చింది. ముందు నుంచి ఇంగ్లిషు మాటలు. వెనక నుంచి నా గోడు.

జూన్ 7

పరీక్ష పెట్టే ముగ్గురిలో పెద్దసారు ఒకరట! పదేళ్ల కిందట మా మ్యూజియం అధికారిగా రిటైరైన మనిషిని వెతికి మరీ పిలిచారు. ప్రాణం లేచొచ్చింది. ఇక నాకేం భయం? నేనేమిటో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

జూన్ 9

మొదటి మాట ఎరా. అంటే యుగమట. “ఏరా అంటే నేను నా కొడుకును పిలిచే పిలుపు కదే” అన్నాను. కోడలు నవ్వలేదు. బళ్లో కూడా ఇలాగే ఉంటుందేమో, పాపం ఆ పిల్లలు.

డికేడ్ అంటే పదేళ్లు. సెంచరీ అంటే నూరేళ్లు. ఏన్షెంట్ అంటే బాగా పాతది. మిడీవల్ అంటే మధ్యలోది. నా వయసు వాళ్లని ఏమంటారని అడిగాను. “సీనియర్” అంది.

జూన్ 12

రాజు ఏలడాన్ని రెయిన్ అంటారు. వాననీ రెయినే అంటారు. గుర్రం కళ్లేన్ని కూడా. రాయడం వేరట, పలకడం ఒకటేనట. “ఏలినా తడిపినా ఒకటే చప్పుడన్నమాట” అన్నాను. ఈసారి కోడలి పెదవి కొంచెం కదిలింది.

లేట్ కింగ్ అంటే ఆలస్యంగా వచ్చిన రాజు కాదు, పోయిన రాజు. మా ఆయన పేరు ముందు ఫారాల్లో ఇరవై ఏళ్లుగా ఆ ముక్క రాయిస్తున్నాను. ఆయన బతికుండగానూ అన్నిటికీ లేటే కాబట్టి నాకెప్పుడూ అనుమానం రాలేదు.

జూన్ 15

డైనస్టీ. డైనస్టీ. డైనస్టీ. వంశం అనడానికి ఇంత అవస్థా.

జూన్ 18

ఇవాళ పెద్దసారి పుస్తకం బీరువాలోంచి దించాను. మా మ్యూజియం చరిత్ర మీద ఆయన ఇంగ్లిషులో రాసిన పుస్తకం. పధ్నాలుగేళ్లుగా గుడ్డలో చుట్టి దాచుకున్నది. మొదటి పేజీలో ఆయన చేతిరాత, సంతకం. ఎనభై నాలుగో పేజీ మూల మడిచి ఉంటుంది. నా గురించి ఉన్నది అక్కడే.

ఆ ఏడాది వానలకు పాత వంటసాల గోడ చెమ్మెక్కింది. సున్నం బొబ్బలు కట్టింది. ఊడుస్తూ చెయ్యి ఆనిస్తే వేలికి గాడి తగిలింది. మా నాన్న సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కేవాడు. ఉలి పడిన చోటు నా వేలికి తెలుస్తుంది, కంటికంటే ముందు తెలుస్తుంది. సార్‌తో చెప్పాను. “గోడన్నాక గీతలుండవా?” అన్నారు. మర్నాడూ చెప్పాను. మూడో రోజు ఆయన సెలవు. తడిగుడ్డతో సున్నం నానబెట్టి, చెక్క గరిటెతో జానెడు మేర ఒలిచాను. అక్షరాలు! సార్ వచ్చి చూసి గోడ ముందు నేల మీదే కూలబడిపోయారు.

కరువు కాలంలో ఆ వంటసాలలో ఊరందరికీ వండిపెట్టిన పదకొండు మంది ఆడవాళ్ల పేర్లు, రాజు చెక్కించినవి. మా మ్యూజియానికి పేరొచ్చింది ఆ గోడతోనే. ఆ నెలలోనే సార్ నన్ను గైడుగా వేశారు. ఎవరు చేస్తారు అంత మేలు?

ఈ పుస్తకంతోనే పాఠం చెప్పమన్నాను. “అది వద్దత్తయ్యా, కష్టంగా ఉంటుంది” అంది కోడలు. పర్వాలేదన్నాను. “నాకు కుదరదు” అని పుస్తకం మూసేసింది. ఆ మూయడంలో ఎంత విసురో! అత్త గురించి పుస్తకంలో రాశారంటే ఏ కోడలికి నచ్చుతుంది కనుక.

జూన్ 25

హేడే అంటే వెలిగిన రోజులు. డిక్లైన్ అంటే ఆరిపోయే రోజులు.

బీగాల మామ పరీక్ష గురించి అడిగి, “సార్ ఉన్నాడుగా, నీకేంటమ్మా” అన్నాడు. అవును, నాకేం?

జూలై 1

కోడలు చెప్పకపోతే నాకు రాదా? భోజనాల వేళ టికెట్ గదిలో డిక్షనరీ పెట్టుకుని నేనే మొదలుపెట్టాను. మొదటి పేజీకి రెండు రోజులు పట్టింది. వాజ్ బిల్ట్, కట్టబడింది. వాజ్ బర్న్ట్, కాల్చబడింది. వాజ్ ఫర్‌గాటెన్, మరచిపోబడింది. ఎవరు కట్టారో, ఎవరు కాల్చారో ఎక్కడా ఉండదు. అన్నీ వాటంతట అవే అయిపోతుంటాయి. ఈ భాషలో తప్పు చేసినవాడికి ఎంత సుఖం!

మొదటి పేజీలో సార్ చేతిరాత కూడా చదివాను. “మ్యూజియం సిబ్బందికి శుభాకాంక్షలతో.” నా పేరు ఉందనుకున్నాను ఇన్నాళ్లూ. సిబ్బంది అంటే నేనూ అందులోనే కదా.

జూలై 6

వరసగా చదివితే ఎప్పటికి అవుతుందని ఎనభై నాలుగు తీశాను.

స్వీపర్. దీనికి డిక్షనరీ అక్కర్లేదు.
డ్యామేజ్డ్. పాడు చేయబడిన.
కేర్‌లెస్. అజాగ్రత్తగల.

పాత డిక్షనరీ. మాటలకు అర్థాలు మారుతుంటాయని కోడలే చెప్పింది.

జూలై 7

ఆ రోజుల్లో ఊడ్చేవాళ్లం ముగ్గురం. మిగతా ఇద్దరిలో ఒకరి గురించి అయి ఉంటుంది. నా గురించి కింద ఎక్కడో ఉండాలి.

జూలై 8

మిగతా ఇద్దరూ ఎప్పుడూ వంటసాల వైపు వచ్చేవాళ్లు కాదు. అక్కడ పాములుంటాయని భయం.

జూలై 9

సాయంత్రం కోడలి ముందు పుస్తకం తెరిచి పెట్టాను.

“చదువు.”

“అత్తయ్యా…”

“జీతం తీసుకోకుండా పాఠం చెబుతున్నావు కాబట్టి బతిమాలుతున్నాను. చదివి తెలుగులో చెప్పు.”

కూర్చుంది. వేలు పెట్టి చదివింది. బళ్లో పిల్లలకు చెప్పే గొంతే, తొణకలేదు. “వంటసాల పడమటి గోడ సున్నం పూతను అజాగ్రత్తగా ఉండే ఒక స్వీపరు పాడుచేసింది. జరిగిన నష్టాన్ని పరిశీలిస్తుండగా, శిక్షణ పొందిన కన్ను మాత్రమే పట్టుకోగల అక్షరాల జాడను నేను గుర్తించాను.”

“ఇంకా?”

“అంతే అత్తయ్యా. తర్వాత అక్షరాల కొలతలు.”

“చురుకైన ఒక మహిళ కంటికి మొదట ఆ అక్షరాలు కనిపించాయి అని ఉండాలి. చూడు. కింద చూడు.”

ఆమె పుస్తకం వంక చూడలేదు. వాకిట్లో చెప్పులు విప్పుతున్న నా కొడుకు వంక చూసింది. వాడు పుస్తకాన్ని చూశాడు, నన్ను చూశాడు. రెండో చెప్పు విప్పడం మరిచిపోయి అలాగే లోపలికి వచ్చాడు.

“నీకు ముందే తెలుసా?” అన్నాను.

“అప్పుడు నాకు పదిహేనేళ్లమ్మా.”

“ఎన్నేళ్లని అడగలేదు.”

“నువ్వు చేతులు కడుక్కుని, తల దువ్వుకుని వచ్చి కూర్చున్నావు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ‘చదవరా, నా గురించి ఏం రాశారో’ అన్నావు. వీధిలో వాళ్లని కూడా పిలిచావు. ఏం చదవమంటావు? నోటికొచ్చింది చదివాను.”

“ఆ వాక్యం?”

“నేనే కల్పించాను.”

“పధ్నాలుగేళ్లు!”

“చెబుదామనే అనుకున్నానమ్మా. ప్రతిసారీ నువ్వు ఎవరికో ఒకరికి చూపిస్తూనే ఉండేదానివి.”

కోడలి వైపు తిరిగాను. “నీకు వాడు చెప్పాడా?”

“లేదు. పెళ్లి మాటలకు వచ్చిన రోజు మీరే చూపించారు. మా నాన్న చదివి, చాలా బావుందండీ అన్నారు. ఇంటికి వెళ్తూ దారిలో, ‘ఆవిడకి ఇంగ్లిషు రాదు పాపం, ఎప్పుడూ ఆ మాట ఎత్తకండి’ అన్నారు. అందుకే…”

“అందుకే నాతో ఏ మాటా ఎత్తలేదా?”

తలూపింది. కళ్లనిండా నీళ్లు. నాకు మాత్రం ఒక్క చుక్క రాలేదు. ఎందుకు రావాలి? నేను అజాగ్రత్తగల మనిషిని.

జూలై 10

వండలేదు.

జూలై 11

ఆ పేజీ చూపించినవాళ్లు: బ్యాంకు ఆఫీసరు. కొడుకు బడి హెడ్మాస్టరు. పక్కింటి నర్సు. పళ్ల డాక్టరు, నోరు తెరిచి కూర్చోమంటే ముందు పుస్తకం తెరిచాను. వియ్యంకుడు. ఇల్లు అద్దెకు అడగడానికి వచ్చిన దంపతులు. మా ఆడపడుచు కూతురు, కాలేజీలో చదివేది. ఇంకా గుర్తు రానివాళ్లు.

అందరూ చదివారు. “చాలా బావుందమ్మా” అన్నారు. హెడ్మాస్టరైతే నా చెయ్యి పట్టుకుని ఊపాడు. లోకంలో ఇంతమంది మర్యాదస్తులున్నారని నాకు తెలియదు. ఒక్కళ్లు, ఒక్కళ్లంటే ఒక్క మర్యాద లేని మనిషి తగిలి ఉంటే!

జూలై 13

నా గురించి ఎవరైనా అన్న మంచి వాక్యం అదొక్కటే. అది ఎక్కడా రాసి లేదు.

జూలై 16

గైడు పని ఎందుకిచ్చారో ఇప్పుడు తెలుస్తోంది. నోరు తెరిచి మాట్లాడే పని ఇస్తే ఆ ఒక్క మాట మాట్లాడరు. చీపురు చేతిలో ఉంటే ఏ రోజుకైనా పొలికేక పెట్టేదాన్నేమో. ఏమో, పెట్టేదాన్ని కాదు.

కొడుకుతో మాట్లాడటం లేదు. పళ్లెం పెడుతున్నాను, తీస్తున్నాను. ఇవాళ పళ్లెం కడుగుతూ, “తిట్టయినా తిట్టవే” అన్నాడు. నాకు కోపం లేదు. కోపం ఉంటేగా తిట్టడానికి.

జూలై 20

కోడలు పాఠం మొదలుపెట్టమంది. కూర్చున్నాను. ఆమె అడిగినవి చెప్పాను. రూయిన్స్, శిథిలాలు. లెగసీ, పెద్దలు వదిలిపోయినది. సోర్స్, ఆధారం.

“ఆ పరీక్ష మానేస్తారా అత్తయ్యా?” అంది.

“ఎందుకు మానేస్తాను? తప్పితే మళ్లీ చీపురే, అది నాకు బరువా?”

“మీకు బరువని కాదు…”

“పాఠం చెప్పు.”

చెప్పింది. ఈసారి రెండు గంటలు. ఐ ఫౌండ్, నేను కనుక్కున్నాను. ఐ టోల్డ్ హిమ్, నేను ఆయనకు చెప్పాను. హి డిడ్ నాట్ లిజన్, ఆయన వినలేదు. ఇవి పాఠంలో లేవు. నేనూ అడగలేదు. తనే రాసి ఇచ్చి, పదిసార్లు పలికించింది. ఆఖరిసారి పలికాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నవ్వొచ్చింది. నవ్వడానికేం లేదు, అయినా నవ్వొచ్చింది.

జూలై 28

పరీక్ష అయింది.

పెద్దసారు ముసలివారైపోయారు. చేతికర్ర పట్టారు. నన్ను చూడగానే, “ఏమ్మా, బావున్నావా? మనవలా?” అని అడిగారు. లేరన్నాను. మిగతా ఇద్దరూ కొత్త యాజమాన్యం తాలూకు వాళ్లు, ఒక మేడం, చేతిలో కాగితాలతో ఒకాయన.

దర్బారు గది చెప్పాను. ఆయుధాల గది చెప్పాను. తడబడ్డాను గానీ ఆగలేదు. వంటసాలకు వచ్చాం. గోడ ముందు నిలబడ్డాను. ఈ వంటసాల ఏ సెంచరీదో, ఏ రాజు రెయిన్‌లో కట్టారో చెప్పాను. పదకొండు పేర్లూ చదివాను. తర్వాత అన్నాను.

“ఐ ఫౌండ్ దిస్.”

మేడం కాగితం మీంచి తలెత్తింది. పెద్దసారు నవ్వారు. అదే నవ్వు, పాఠం చెప్పే ముందు నవ్వే నవ్వు.

“అలా అనకూడదమ్మా. ‘ఇట్ వాజ్ ఫౌండ్’ అనాలి. చరిత్ర చెప్పేటప్పుడు మధ్యలో ‘నేను’ రాకూడదు. అది పద్ధతి కాదు.”

ఐ టోల్డ్ హిమ్ మరిచిపోయాను. హి డిడ్ నాట్ లిజన్ మరిచిపోయాను. వారమంతా పలికిన మాటల్లో ఒక్కటీ నోట్లోకి రాలేదు. తెలుగే వచ్చింది.

“మీ పుస్తకంలో ఎనభై నాలుగో పేజీలో ‘నేను’ అని ఉంది సార్. ‘ఐ’ అని పెద్దక్షరంతో ఉంది.”

కాగితాలాయన పెన్ను ఆపాడు. ఇప్పుడు పిడుగు పడుతుందనుకున్నాను. పడాలనే కోరుకున్నాను. పెద్దసారు చేతికర్ర ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నారు. ఆయన కళ్లలోకి చూశాను. ఆయనకు ఆ రోజు, ఆ గరిటె, అన్నీ గుర్తున్నాయి. ప్రమాణం చేసి చెప్పగలను. ఒక్క క్షణం గుర్తున్నాయి.

తర్వాత ఆయన మేడం వైపు తిరిగి, “చూశారా! ఈ అమ్మాయి చీపురుతో మొదలైంది. ఇవాళ నా పుస్తకమే ఇంగ్లిషులో చదివేసింది. ఇంతకంటే పరీక్ష ఏం కావాలి?” అన్నారు.

మేడం చప్పట్లు కొట్టింది. కాగితాలాయన రాసుకున్నాడు. రాసింది తలకిందులుగా ఉన్నా నాకు చదవడం వచ్చింది. రీడింగ్, వెరీ గుడ్.

ఆగస్టు 3

ప్యాసయ్యాను. నలుగురిలో నాకే ఎక్కువ మార్కులు. బీగాల మామకు పరీక్షే లేదు, తాళం చెవులకు ఏ భాషైనా ఒకటే. “చెప్పానా, సార్ ఉన్నాడని!” అన్నాడు. చెప్పావు మామా.

కొడుకు స్వీటు తెచ్చాడు. తిన్నాను. ఇరవై అయిదు రోజుల తర్వాత మొదటి మాటగా, “చక్కెర ఎక్కువైంది” అన్నాను. ఆ మాత్రానికే వాడు వెనక్కి తిరిగి మొహం తుడుచుకున్నాడు. వాడిని క్షమించానా అంటే, తెలియదు. వాడి అబద్ధం మీద పధ్నాలుగేళ్లు తల ఎత్తుకుని తిరిగాను. తిరిగిన రోజుల్ని ఇప్పుడు ఎవరికి తిరిగివ్వను?

ఆగస్టు 19

గదుల్లో కొత్త బోర్డులు పెట్టారు. గాజు పలకలు, ఇంగ్లిషు అక్షరాలు. వంటసాల బోర్డులో అజాగ్రత్తగల స్వీపరు లేదు. అసలు స్వీపరే లేదు. గోడ మీది అక్షరాలు పెద్దసారి చేత కనుక్కోబడ్డాయి, అంతే. పుస్తకంలో తిట్టుగానైనా ఉన్నాను. ఇందులో అదీ లేదు.

గైడ్లకు అచ్చు కాగితాలిచ్చారు. ఇంగ్లిషు గుంపులకు అందులో ఉన్నది ఉన్నట్టే చెప్పాలి. ఒక్క మాట కలపకూడదు, తీయకూడదు. తెలుగు గుంపులకు ఏం చెప్పాలని అడిగాను. మేడం, “మీ ఇష్టం, తెలుగులో ఏదో ఒకటి చెప్పండి” అంది.

ఆగస్టు 27

మొదటి ఇంగ్లిషు గుంపు. పద్దెనిమిది మంది. ఆ వాక్యం తప్పు లేకుండా చెప్పాను.

ఆగస్టు 28

ఇంటికి వచ్చి ఆ వాక్యం చెప్పానని కోడలికి చెప్పాను. “పర్వాలేదత్తయ్యా” అంది. పర్వాలేదని నేనూ అన్నాను. నాలుగేళ్లలో మొదటిసారి ఇద్దరం కలిసి చిక్కుడుకాయలు ఒలిచాం. “అసలు ఏం జరిగిందో తెలుగు గుంపులకు చెప్పొచ్చుగా?” అంది. “మీ ఇష్టమే అన్నారుగా.”

అవును. అన్నారు.

సెప్టెంబరు 4

బడి పిల్లలు వచ్చారు. ఆరో తరగతి, నలభై మంది, ఒక టీచరు. తెలుగులో చెప్పమన్నారు. దర్బారు గదిలో పిల్లలు సింహాసనం చూసి, అందులో కూర్చుంటే నడుం నొప్పి రాదా అని అడిగారు. వస్తుందన్నాను. ఆయుధాల గదిలో ఒకడు కత్తిపోటుకు చచ్చినట్టు నటించాడు. గొంతు విప్పి మాట్లాడి ఎన్నాళ్లయిందో! నా మాటలు నాకే తియ్యగా వినిపించాయి.

వంటసాలలో గోడ ముందు నిలబడి అంతా చెప్పాను. వానలు, చెమ్మ, వేలికి తగిలిన గాడి, రెండు రోజులు చెప్పినా వినని సార్, తడిగుడ్డ, గరిటె. ఒక్కటీ దాచలేదు. “దీన్ని మొదట చూసింది నేనే” అన్నాను. బిగ్గరగానే అన్నాను. గది ప్రతిధ్వనించింది.

పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. ముందు వరసలో రెండు జడల పిల్ల గాజు పలక వంక, నా వంక మార్చి మార్చి చూసింది.

“మరి బోర్డు మీద వేరే ఆయన పేరుందేంటి ఆంటీ?”

“అది…”

నేను మొదలుపెట్టేలోపే టీచరు చేతిగడియారం చూసుకుంది. “ప్రశ్నలు తర్వాత. బస్సు టైమవుతోంది. అందరూ పుస్తకాలు తీయండి. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకోండి. పరీక్షలో అదే రాయాలి.”

నలభై పుస్తకాలు తెరుచుకున్నాయి. నలభై తలలు వంగాయి. రెండు జడల పిల్ల కూడా పెన్సిలు తీసింది. గదిలో కాగితాల మీద పెన్సిళ్ల గరగర తప్ప ఇంకేం లేదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, ఇంకా ఏదో చెప్పాలన్నట్టు.

వెనక వరస లోంచి ఒక కుర్రాడు మునివేళ్ల మీద లేచి, చెయ్యెత్తాడు. చాలా మర్యాదగా అడిగాడు.

“ఆంటీ, కొంచెం పక్కకు జరుగుతారా? మీరు అడ్డంగా ఉన్నారు, అక్షరాలు కనపడట్లేదు.”

జరిగాను.